ఆపేసిన కొసరు

కోపం వస్తే కొందరు తలుపులు ధడేలుమని వేస్తారు. కొందరు అన్నం మానేస్తారు. నేను శొంఠి దంచుతాను. మా ఆయనకి ఆ చప్పుడు బాగా తెలుసు. వంటింట్లో రాతి రోలు మోగడం మొదలవగానే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పక్క గదిలో లేని మీటింగ్‌లో కూర్చుంటాడు.

మొన్న మా ఊరు బాతెల్‌లోనే, తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్, తలా ఒక వంట పట్టుకెళ్ళే విందు. బయట ఎప్పటిలాగే ఆగని సన్నటి వాన, మధ్యాహ్నానికే దిగిపోయిన చీకటి. సోఫాలో ఒక పెద్దావిడ కూర్చుని చుట్టూ ఉన్నవాళ్ళకి పాత రోజులు చెబుతున్నారు. ఆ మధ్యనే కూతురి దగ్గరికి మారారట. అంతకు ముందు ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఉండేవారట. అక్కడ ఒకే ఒక్క ఇండియన్ కొట్టు ఉండేదట.

"ఆ షాపావిడ శొంఠి బిస్కెట్లు చేసేదమ్మా, బెల్లంతో. చలికాలం వస్తే చాలు, వాటికోసమే వెళ్ళేవాళ్ళం. ఎంత మంచి మనిషో పాపం! ఏది అడిగినా కాదనేది కాదు."

నా చేతిలో పులిహోర ప్లేటు ఉంది. గొంతు అప్పుడే గుర్తుపట్టాను. మొహం గుర్తుపట్టడానికి ఇంకొంచెం పట్టింది.

"ఆ షాపావిడ మా అమ్మండీ," అన్నాను.

"అయ్యో అయ్యో, నువ్వా! కౌంటర్ కింద దూరి కూర్చునే పిల్లవి కదూ!" అని రెండు చేతులతో నా బుగ్గలు పుణికారు. ఆ బుగ్గలు యాభై దాటి జారడం మొదలుపెట్టాయి, ఆవిడకేం పట్టలేదు. "వచ్చే వారం మా మనవరాలి గ్రాడ్యుయేషన్ పార్టీ. మీ అమ్మలాగే నువ్వూ చేస్తావటగా, ఇందాకే వీళ్ళు చెప్పారు. కాస్త చేసిపెట్టమ్మా. మనవాళ్ళమేగా!"

మనవాళ్ళమేగా. అదే మాట. అదే నోరు.

"మా అమ్మ పేరు గుర్తుందాండీ?" అని అడిగాను.

ఆవిడ నవ్వారు. "పేరేంటో... అందరం షాపావిడ అనేవాళ్ళం కదమ్మా."

"ఊరికే చెయ్యనండీ. డబ్బు తీసుకుంటాను."

"మనవాళ్ళ దగ్గర కూడానా?"

"మనవాళ్ళ దగ్గరే."

అందరూ పకపకా నవ్వారు. జోక్ అనుకున్నారు. నేను ఇంటికొచ్చి రోలు కిందకి దించాను.

మాది కొట్టు పెట్టుకుని బతికిన కుటుంబం. తాతలు, వాళ్ళ తాతలు కూడా బజారులో గల్లాపెట్టె వెనకే పుట్టి, అక్కడే పోయారని నాయనమ్మ చెప్పేది. అంచేత నాకు బేరం ఆడకుండా కొన్న వస్తువు ఇంట్లో ఉంటే దొంగసొత్తు ఉన్నట్టు ఉంటుంది. ఇక్కడి ఫార్మర్స్ మార్కెట్‌లో ముల్లంగి కట్టల ముందు నేను ఆగానంటే నా పిల్లలు నాకు ఏమీ కారు, అలా నడుచుకుంటూ వెళ్ళిపోతారు. ఒకసారి డెంటిస్టుని కూడా అడిగాను, రెండు పళ్ళూ కలిపి పీకితే ఏమన్నా తగ్గుతుందా అని. పాపం ఆయన భయపడి రెండు పళ్ళనీ నాకే వదిలేశాడు.

ఈ విద్య అంతా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. నాన్న ఆ మంచు ఊళ్ళో, లాండ్రీకీ పిజ్జా కొట్టుకీ మధ్యన ఉన్న ఇరుకు గదిలో సరుకుల కొట్టు పెట్టినప్పుడు నాయనమ్మ ఇండియా నుంచి పెట్టెలో రెండే రెండు బరువైన వస్తువులు తెచ్చుకుంది. ఒకటి ఈ రోలు. రెండోది ఇత్తడి త్రాసు. కొట్లో అంకెలు వెలిగే మెషీన్ ఒకటి ఉండేది, అయినా నాయనమ్మ దాన్ని నమ్మేది కాదు. "అది లోపల ఏం లెక్కేసుకుంటుందో ఎవడికి తెలుసు? ఇదైతే ముల్లు కనబడుద్ది," అనేది. పప్పుల అట్టపెట్టెల మీద సుద్దముక్కతో నాకు అఆలు దిద్దబెట్టింది కూడా ఆవిడే. 'క' అంటే కందిపప్పు కాదు మా ఇంట్లో. 'క' అంటే కొసరు.

తూకం సరిపోయాక, ముల్లు నడిమధ్య నిలబడ్డాక, కొట్టువాడు తన చేత్తో ఇంకొంచెం పైన వేస్తాడు. అది కొసరు. నాలుగు గింజలు కావచ్చు, ఒక మిరపకాయ కావచ్చు. "తూకం వాళ్ళ డబ్బుకే, కొసరు మనిషికే," అనేది నాయనమ్మ. "కొసరు లేకుండా పొట్లం కట్టామంటే, నీకూ నాకూ ఏమీ లేదు, మళ్ళీ మా గడప తొక్కకు అని చెప్పినట్టే."

ఇక బిస్కెట్ల సంగతి. ఆ ఏడు చలి మరీ ఎక్కువ. కొట్టు ముందు మంచు గోడలా పేరుకుంది, జనం రావడం తగ్గిపోయింది. బెల్లం పెట్టెల అడుగున చితికిన ముక్కలు, శొంఠి కొమ్ములు, లవంగాలు అలా పడున్నాయి. పారేయడం మా ఇంట్లో ఎవరికీ రాని పని. నాయనమ్మకి వాళ్ళ ఊరి బజారు వెనకున్న బేకరీ గుర్తొచ్చింది. ఇంటి నుంచి పిండీ బెల్లం డబ్బాల్లో పట్టుకెళితే అక్కడి బట్టీలో బిస్కెట్లు కాల్చి, మన డబ్బాలోనే పోసి ఇచ్చేవారట.

"ఇక్కడ బట్టీ ఏదమ్మా?" అన్నాడు నాన్న.

"మరి వంటింట్లో ఆ గిన్నెల బీరువా మీద ఓవెన్ అని రాసుందిగా?" అన్నాను నేను. బళ్ళో ఇంగ్లీషు నేర్చుకుంటున్న గర్వం నాది.

మా ఇంట్లోకి దిగిన రోజు నుంచీ అది గిన్నెల బీరువానే. స్టీలు బేసిన్లు, జల్లెడ, ఇడ్లీ ప్లేట్లు, అన్నీ అందులోనే. అమ్మ పిండి కలిపింది. నాన్న తలుపు మీదున్న అంకెలు చూసి గిర్రున తిప్పాడు. లోపల ఇంకా ఏమన్నా ఉందేమో అని మాత్రం ఎవరికీ తట్టలేదు. ముందున్న గిన్నెలన్నీ తీశారు కానీ, వెనక మూలకి నెట్టి దాచిన నాయనమ్మ చింతపండు ప్లాస్టిక్ డబ్బా అలాగే ఉండిపోయింది.

కాసేపటికి నల్లటి పొగ. గోడ మీద అలారం కీచుకీచుమని. నాన్న కిటికీలు తీశాడు, బయటి చలి కత్తిలా లోపలికొచ్చింది. అమ్మ కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారానికి విసురుతోంది. నాయనమ్మ మాత్రం ఓవెన్ ముందు గొంతుక్కూర్చుని, కమ్మీల మీద నుంచి తీగలా కారుతున్న డబ్బాని చూస్తూ శోకాలు పెట్టింది. "ఏడాది పాత చింతపండురా అది! పులుసుకి పెట్టినది!"

"ఎవరు పెట్టమన్నారమ్మా పొయ్యిలో?"

"పొయ్యి అని ఎవరు చెప్పార్రా నాకు!"

ఆ కాలిన ప్లాస్టిక్ కంపు పోగొట్టడానికి అమ్మ లవంగాలూ, జాజికాయా, మిరియాలూ, శొంఠీ వేయించి దంచింది. ఆ పొడి అంతా తీసుకెళ్ళి పిండిలోనే కలిపింది. గోధుమపిండి, నెయ్యి, బెల్లం పాకం, ఈ పొడి. మూడో ట్రే నుంచి కుదిరాయి. అంచులు కరకర, నడుమ కొంచెం మెత్తన. నాలిక మీద మొదట తీపి, మింగాక గొంతులో మంట. బయట వీధంతా గడ్డకట్టి ఉంటే మా వంటింటి కిటికీ మాత్రం ఆవిరితో తెల్లబడి ఉండేది. దాని మీద నేను వేలితో 'క' రాసేదాన్ని.

విరిగినవి పిల్లకి, బాగున్నవి కొట్టుకి. ఇదీ ఒప్పందం. అందుకని వేడిగా ఉండగానే ట్రే పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా బొటనవేలితో చిన్నగా నొక్కేదాన్ని. నాయనమ్మ అటు తిరిగే ఉండి అనేది, "కోడలా, నీ కూతురు చూపు చాలే. బిస్కెట్లు వాటంతటవే విరిగిపోతున్నాయి."

మొదట్లో అవి అమ్మకానికి కాదు. సరుకు తూచాక పైన ఒక బిస్కెట్టు. కొసరు. మంచులో కారు జారుకుంటూ వచ్చినవాళ్ళు చేతి తొడుగు తీసి, కౌంటర్ దగ్గరే కొరికి, కళ్ళు మూసుకునేవాళ్ళు. తర్వాత అడిగి కొనుక్కోవడం మొదలుపెట్టారు. బిస్కెట్లు తూచి, వాటి మీద ఇంకో బిస్కెట్టు కొసరు వేసేది అమ్మ. ఆ వేసేటప్పుడు అమ్మ మొహం చూడాలి. ఇంగ్లీషు రాక నాన్న వెనకే నిలబడే మనిషి, ఆ ఒక్క క్షణం కొట్టు యజమానురాలు.

మా ఊళ్ళో మిగతా తెలుగువాళ్ళు డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఇంజనీర్లు. మేం కొట్టువాళ్ళం. వాళ్ళ ఇళ్ళల్లో పుట్టినరోజులకి లడ్డూలు మా కొట్టు నుంచే వెళ్ళేవి. మేం మాత్రం వెళ్ళేవాళ్ళం కాదు. ఎవరూ రావద్దు అనలేదు. రమ్మనీ అనలేదు. అమ్మకి అది లోపల ఎంత ఉండేదో నాకు అప్పట్లో తెలియదు. డాక్టరుగారి భార్య కొట్టుకి వచ్చిన రోజున తెలిసింది.

ఆవిడది ఎర్రటి పొడుగు కోటు. బూట్లకున్న మంచు మా గోనెపట్టా మీద దులుపుకుంటూ వచ్చారు.

"తెలుగువాళ్ళందరం స్కూల్ హాల్లో వింటర్ గెట్ టుగెదర్ పెట్టుకుంటున్నామండీ. మీ బిస్కెట్లు కావాలి, అందరికీ. ఇది కమ్యూనిటీ పని కదా, డబ్బూ గిబ్బూ ఏముంటుంది. మనవాళ్ళమేగా!"

నాన్న నోరు తెరిచాడు. బేరం మొదలుపెట్టబోతున్నాడని నాకు తెలుసు. నేనూ కౌంటర్ కింద నుంచి చెవులు రిక్కించాను. ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళి, వెనక్కి తిరిగి, "మీరు కూడా రండి," అన్నారు.

అంతే. అమ్మ నాన్న చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"పిలిచారు కదండీ," అంది, ఆవిడ వెళ్ళాక. "మనిషి వచ్చి పిలిచాక ఇంకా బేరమేంటి?"

ఆ వారమంతా ఓవెన్ చల్లారలేదు. అమ్మ వేళ్ళకి ట్రే అంచులు తగిలి వరసగా కాలిన గుర్తులు. పెట్టె అడుగు నుంచి పెళ్ళినాటి ముదురు ఆకుపచ్చ పట్టుచీర తీసి కుర్చీ మీద ఆరేసింది. నాయనమ్మ దాని ముడతలు అరచేత్తో సాపు చేస్తూ, "మైకులో నీ పేరు చదువుతారే కోడలా, తల ఎత్తుకుని నిలబడు," అంది. అమ్మ సిగ్గుపడింది. నేను నమ్మాను. బళ్ళో పక్కపిల్లకి కూడా చెప్పేశాను, మా అమ్మ పేరు మైకులో చదువుతారని.

కొట్టు మూశాం. అలా శనివారం మూయడం అదే మొదలు. స్కూల్ హాలు గుమ్మంలో డాక్టరుగారి భార్యే నిలబడి ఉన్నారు, అందరికీ గంధం రాస్తూ. మమ్మల్ని చూసి మొహం వెలిగింది.

"అమ్మయ్య, వచ్చారా! కిచెన్ అటు వైపండీ. వెనక డోర్ నుంచి తెచ్చెయ్యండి. కాస్త ప్లేట్లలో సర్దే మనిషి కూడా లేదు, నేనే కంగారుపడుతున్నాను."

అమ్మ గంధం కోసం చెయ్యి సగం చాపింది. ఆ చెయ్యి అలాగే మడుచుకుని, ట్రేల కిందకి వెళ్ళిపోయింది.

అమ్మ పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని, స్కూల్ వంటింట్లో నిలబడి, కాగితం ప్లేట్లలో బిస్కెట్లు సర్దింది. నాన్న టీ డబ్బాలు మోశాడు. నేను తలుపు సందులోంచి స్టేజీ కేసి చూస్తూ నిలబడ్డాను. పాటలయ్యాయి, డాన్సులయ్యాయి. చివర్లో ఆవిడ మైకు పట్టుకున్నారు. నేను తలుపు ఇంకొంచెం తెరిచాను.

"ఇవాళ మీరు తిన్న జింజర్ బిస్కెట్లు మన లేడీస్ అందరూ కలిసి ఇష్టంగా చేసినవి! అలాగే సరుకులు ఇచ్చిన షాపు వాళ్ళకి కూడా థాంక్స్!"

చప్పట్లు. మన లేడీస్ లేచి నిలబడి దండాలు పెట్టారు. వాళ్ళలో ఒక్కళ్ళ వేలి మీదైనా కాలిన గుర్తు ఉందేమోనని వెతికాను. నెయిల్ పాలిష్ కనిపించింది.

వెళ్ళేటప్పుడు ఆవిడ వంటింట్లోకి వచ్చి, మిగిలిన వడలు రేకు కాగితంలో చుట్టి అమ్మ చేతిలో పెట్టారు. "పిల్లకి పెట్టండి. పారేయడం ఎందుకు!"

ఇప్పటికీ నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. బేరం మాకు కొత్త కాదు. మా దగ్గర బేరమాడితే మాకు సంతోషం. సరుకుని తిట్టు, పుచ్చిందను, పాతదను, లేచి వెళ్ళిపోతున్నట్టు నటించు, మేం వెనక్కి పిలుస్తాం. అది ఆట, ఇద్దరికీ నియమాలు తెలుసు. ఆవిడ మాతో బేరమాడలేదు. బేరమాడటానికి కూడా మమ్మల్ని ఎదటి మనిషిగా లెక్కపెట్టలేదు. పైగా పిలుపు చూపించి మా అమ్మని కొనేసుకుంది.

కార్లో తిరిగి వస్తున్నాం. అద్దం మీద మంచు, వైపర్ల చప్పుడు. ఒళ్ళో వడల పొట్లం పెట్టుకుని అమ్మ బయటికి చూస్తోంది. వెనక సీట్లో నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది.

"కోడలా. ఆవిడకి కొసరు ఆపెయ్."

నాన్న బ్రేకు తొక్కాడు. కారు మంచులో జర్రున జారి పక్కకి తిరిగింది.

"అమ్మా! ఏం మాటలవి!"

"అత్తయ్యా," అంది అమ్మ. "మరీ అంత పనా? తెలిసినావిడ."

"తెలిసినావిడకే ఆపుతారే. తెలియనివాళ్ళకి ఆపితే దానికి అర్థం ఏముంది?"

మా వంశంలో అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఎవరినో ఉరి తీయబోతున్నట్టు నేను కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. అమ్మ వడల పొట్లం కింద పెట్టేసి, "సరే," అంది.

ఆవిడ మళ్ళీ వచ్చారు, అదే ఎర్ర కోటులో, బిస్కెట్లకి. అమ్మ త్రాసు ఎత్తింది. నాన్న పప్పు డబ్బాల వెనక్కి తప్పుకున్నాడు. నాయనమ్మ స్టూలు మీద నిటారుగా కూర్చుంది. ముల్లు ఊగి ఊగి నడుమ నిలబడింది. అమ్మ చెయ్యి అలవాటుగా సీసాలోకి వెళ్ళింది, ఒక బిస్కెట్టు తీసింది, గాల్లో ఆగింది. ఆ బిస్కెట్టుని అమ్మ కౌంటర్ మీద పెట్టేసి, పొట్లం కట్టి, దారం ముడి బిగించింది. మేం ముగ్గురం ఆవిడ మొహం కేసే చూశాం.

ఆవిడ పొట్లం అందుకుని త్రాసు వైపు మెచ్చుకోలుగా చూశారు. "ఎంత కరెక్ట్‌గా తూచారండీ! మీ షాపు బాగా ప్రొఫెషనల్ అయింది ఇప్పుడు." నవ్వి, వెళ్ళిపోయారు.

తలుపు గంట మోగడం ఆగేదాకా ఎవరూ కదల్లేదు.

"తెలియలేదు!" అంది నాయనమ్మ, నమ్మలేక. "దానికి తెలియనే లేదురా!"

ఆ చలికాలమంతా ఆవిడ వస్తూనే ఉన్నారు, అమ్మ ఆపుతూనే ఉంది. కొసరుకని తీసింది మళ్ళీ సీసాలో వెయ్యకూడదు కాబట్టి ఆ బిస్కెట్లన్నీ ఒక పాత కాఫీ డబ్బాలో పడేవి. డబ్బా పేరు 'ఆవిడది'. బడి నుంచి రాగానే ఆ డబ్బా నేనే ఖాళీ చేసేదాన్ని. మా శిక్షకి లాభపడింది నేనొక్కదాన్నే. అమ్మకి మాత్రం ప్రతిసారీ మొహం పాలిపోయేది. వెయ్యడమే తెలిసిన చెయ్యి అది, ఆపడం ఒక పట్టాన రాలేదు. చివరిదాకా అమ్మ అనుకుంది, తను అన్న ఒకే ఒక్క ఎదురుమాట ఎదటివాళ్ళకి వినపడలేదని.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. ఆ గదిలో ఫోన్లు బాగు చేస్తున్నారట. నాయనమ్మ లేదు, నాన్న లేడు, అమ్మా లేదు. త్రాసు నా దగ్గరుంది. మా వంటింటి బల్ల మీద దాని పళ్ళేల్లో నిమ్మకాయలు పెడతాను. వచ్చినవాళ్ళు యాంటిక్ అని ఫోటోలు తీసుకుంటారు.

నిన్న మధ్యాహ్నం నిమ్మకాయలు దించి, త్రాసు తుడిచాను. పార్టీకని, ధర చెప్పే చేసిన బిస్కెట్లు తీసుకెళ్ళడానికి ఆవిడ మనవరాలు వచ్చింది. వానలో తడిసిన హుడీ, చక్కటి మొహం. షూస్ విప్పి బయటే పెట్టింది.

"స్మెల్ ఎంత బాగుంది ఆంటీ!"

నేను తూచాను. ముల్లు నడుమ నిలబడింది. డబ్బాకి మూత పెట్టాను. నెగ్గిన సంతోషం ఇంకా పూర్తిగా రాకముందే ఆ పిల్ల అంది, "ఒకటి మోర్ వెయ్యరా ఆంటీ?"

"ఏమిటీ?"

"అమ్మమ్మ చెప్పింది. ఆ షాప్‌లో వెయిట్ అయిపోయాక ఒకటి పైన పెట్టేవాళ్ళంట, ఎవ్రీ టైమ్. తర్వాత సడన్‌గా స్టాప్ చేశారంట. అమ్మమ్మకి మాత్రమే. ఎందుకో తెలీలేదంట. చాలా హర్ట్ అయింది అంట. ఇప్పుడు కూడా చెప్తది."

నేను త్రాసు కేసి చూశాను.

తెలిసింది! ఆవిడకి మొదటి రోజే తెలిసింది. తెలిసి, ప్రొఫెషనల్ అని నవ్వి, పొట్లం పట్టుకుని వెళ్ళింది. ఇన్నేళ్ళు లోపల దాచుకుంది కానీ, కౌంటర్ మీదకి వంగి, ఎందుకమ్మా అని ఒక్క మాట అడగలేదు. అడిగితే అమ్మ చెప్పేది. అడిగితే అమ్మ ఏడ్చేది. అడిగితే అక్కడికక్కడే ఆ డబ్బా మొత్తం ఆవిడ ఒళ్ళో పోసేసేది. కొట్టువాళ్ళని కారణం అడగడం తక్కువతనం అనుకుందేమో మహాతల్లి. నాయనమ్మ బతికుండగా ఆ సంగతి తెలిసి ఉంటే, కొట్టు ముందు దండోరా వేయించేది.

పిల్ల నా మొహం చూసి బెదిరింది. "సారీ ఆంటీ, పర్లేదు."

దానితో నాకేం పేచీ? ట్రే మీద నుంచి అంచు బాగా ఎర్రబడినది ఒకటి ఎంచి, దాని అరచేతిలో పెట్టాను. "ఇది నీకు. అర్థమైందా? నీకే. మీ అమ్మమ్మకి కాదు. కార్లో తినెయ్."

"ఓకే ఆంటీ. థాంక్యూ సో మచ్."

కిటికీ అద్దం మీద ఆవిరి చేత్తో తుడిచి చూశాను. పిల్ల కారెక్కింది, లైటు వేసుకుంది, బిస్కెట్టు వాసన చూసింది. తర్వాత జాగ్రత్తగా, రెండు చేతులతో, దాన్ని సగానికి విరిచింది. ఒక సగం నోట్లో వేసుకుంది. రెండో సగం కాగితం నాప్కిన్‌లో చుట్టి, డబ్బా మూత తీసి, అన్నిటికన్నా పైన పెట్టింది.

నేను కిటికీ అద్దం మీద దబదబా బాదాను. అద్దం నిండా మళ్ళీ ఆవిరి. పిల్ల నేను టాటా చెబుతున్నాననుకుని చెయ్యి ఊపి, కారు తీసుకుని వెళ్ళిపోయింది.

అమ్మ ఒక చలికాలమంతా చెయ్యి బిగబట్టి ఆపిన కొసరు, నా చేతి మీదుగా, సగమైనా సరే ఆవిడకి చేరిపోయింది. వంటింట్లోకి వచ్చాను. రోలు ముందు కూర్చుని మళ్ళీ శొంఠి దంచడం మొదలుపెట్టాను. పక్క గదిలో మా ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం కనిపించింది.